పంపకాల్లో పిడుగు

అడవి మధ్యలో కారు ఆగిపోతే సంతోషించే మనుషులు ఉంటారా అంటే, ఉంటారు. ఆ ఆదివారం ఒకామె సంతోషించింది. పైకి మాత్రం కొంప మునిగినట్టు మొహం పెట్టి, ఇప్పుడెలా మరి అని మొగుణ్ణి అడిగింది.

మొగుడు అనడం కూడా ఆ సాయంత్రం వరకే. పొద్దు వాలేసరికి సామాన్ల వ్యాను వస్తుంది. ఆమె మంచం, బీరువా, కుట్టుమిషను, ఉన్న రెండు కుక్కల్లో ఒక కుక్క, ఆఖరికి ఆమె, అందరూ అందులో ఎక్కి అక్క ఉండే ఊరికి వెళ్ళిపోతారు. ఆ వ్యాను రాకముందే అతని నోటి నుంచి వెళ్ళకు అన్న ఒక్క మాట వస్తుందని ఆమె గంపెడాశ పెట్టుకుంది. కారు ఆగిపోయిందంటే ఆ మాటకి ఇంకాస్త వ్యవధి దొరికినట్టే. సంతోషించక ఏం చేస్తుంది?

ఆమె పళ్ళ ల్యాబులో పనిచేస్తుంది. డాక్టర్లు పంపిన నోటి అచ్చుల్ని బట్టి కట్టుడు పళ్ళ సెట్లు తయారుచేస్తుంది. మైనంతో చిగుళ్ళు దిద్దడం, పన్ను రంగు పక్కపన్నుతో కలిసిందో లేదో కిటికీ వెలుతురులో పట్టి చూసుకోవడం, గరుకుగా ఉన్నచోట నాలుక గీరుకోకుండా అరగదీయడం, ఇదీ ఆమె విద్య. ఊళ్ళో పెద్దవాళ్ళు చాలామంది ఆమె చేసిన నవ్వులే నవ్వుతుంటారు. అందుకని పెళ్ళయిన కొత్తలోనే అతను ఆమెని పేరుపెట్టి పిలవడం మానేసి మేస్త్రీ అని పిలవడం మొదలుపెట్టాడు. పళ్ళ మేస్త్రీ. నలుగురిలో అలా పిలిస్తే ఆమె కళ్ళెర్రజేసేది గానీ, లోపల పొంగిపోయేది.

అతను కార్ల ఎలక్ట్రీషియన్. బస్టాండు వెనక సందులో రేకుల షెడ్డు. ఇంజను పనులు ముట్టుకోడు. వైర్లు, లైట్లు, బ్యాటరీ, స్టార్టరు, ఎక్కడ కరెంటు నడుస్తుందో అక్కడ మాత్రమే అతని రాజ్యం. ల్యాబు అయిపోగానే ఆమె నేరుగా ఆ షెడ్డుకే వెళ్ళి, అతను బానెట్‌లో తలదూర్చి పనిచేస్తుంటే టార్చి పట్టుకుని నిలబడేది. వాళ్ళ సరసాలన్నీ బానెట్ కిందే జరిగాయని వాళ్ళక్క ఎగతాళి చేసేది. సరసాల సంగతి ఎలా ఉన్నా, అన్నేళ్ళు టార్చి పట్టుకున్నందుకు ఆమెకి ఆ పనిలో సగం పని వచ్చేసింది.

మేస్త్రీ అన్న పిలుపు ఎప్పుడు ఆగిపోయిందో ఆమెకి సరిగ్గా తెలియదు. లైటు ఠప్పున ఆరిపోతే తెలుస్తుంది గానీ, బ్యాటరీ రోజుకి కాస్త చొప్పున దిగిపోతుంటే ఎవరికి తెలుస్తుంది? దెబ్బలాటలు లేవు. తాగి రావడాలు లేవు. పిల్లలు పుట్టలేదన్న బాధ ఉండేది గానీ, అది ఇద్దరూ కలిసి పడ్డ బాధే, ఎప్పుడో పాతబడిపోయింది. ఒకరోజు అన్నం ముందు కూర్చుని, తలెత్తకుండా, తను వేరుగా ఉందామనుకుంటున్నానని చెప్పాడు. నామీద కోపమా అంటే, "కోపం లేదు. నిజం చెప్పాలంటే, ఏమీ లేదు" అన్నాడు.

ఆ ఏమీ లేదు అన్నది ఆమెకి అప్పుడు ఎక్కలేదు. కోపం లేదట కదా అనుకుని గిన్నెలు తోమేసి, మంచమెక్కాక గానీ ఎక్కలేదు. తర్వాత ఇంకో మనిషెవరైనా ఉన్నారేమోనని ఆరా తీసింది. లేరు. ఉన్నా బాగుండేది, తిట్టిపోయడానికి ఒక మనిషి దొరికేది.

పంపకాలు అతనే చేశాడు. న్యాయం అంటే చెవి కోసుకుంటాడు. గ్యాసు పొయ్యి ఆమెకైతే ఫ్రిజ్ తనకి, మంచం ఆమెకైతే సోఫా తనకి. పెళ్ళి ఫోటోలు కూడా సగం సగం చేశాడు. ఎలా చేయగలిగాడో, ఆ ఫోటోల్లో ఒక్కడూ ఒక్కతీ విడిగా ఉన్నవి ఎన్ని దొరికాయో, ఆ దేవుడికే తెలియాలి. చివరికి మిగిలినవి కుక్కలు.

అవి రెండూ ఒకే ఈతలో పుట్టిన అక్కాతమ్ముళ్ళు. ఎవరో అట్టపెట్టెలో పెట్టి షెడ్డు ముందు వదిలేసి పోయారు. మగది పుట్టుబద్ధకం, నీడ దొరికితే చాలు కాళ్ళు బారజాపుకుని పడుకుంటుంది. దానికి దొర అని ఆమె పేరు పెట్టింది. ఆడది ఒకచోట నిలవదు, కనిపించిందల్లా నోట పట్టుకొస్తుంది. దానికి పిడుగు అని అతను పెట్టాడు. షెడ్డులో స్పానర్ కనబడకపోతే ఇంటికొచ్చి పిడుగు పక్కలో వెతికేవారు. అతనికి పిడుగంటే ప్రాణం. పంపకాల్లో మాత్రం పిడుగుని ఆమెకిచ్చాడు. పడుకునేది ఆమె కాళ్ళ దగ్గర కాబట్టి ఆమెది అన్నాడు. తనకి ఎక్కువ ఇష్టమైనదాన్ని తనే ఉంచుకున్నాడన్న మాట రాకూడదని అలా చేశాడని ఆమెకి తెలుసు. అతనంతే.

అలాంటి మనిషి, వ్యాను వచ్చే రోజు పొద్దున్నే వచ్చి, కుక్కలు రెండింటినీ చివరిసారి అడవికి తీసుకెళ్దామా, నువ్వూ రా అన్నాడు. నువ్వూ రా అన్న ఆ రెండు మాటలు పట్టుకుని ఆమె మేడలు కట్టేసింది. అక్కకి ఫోన్ చేస్తే అక్క ఒంటికాలి మీద లేచింది. పోయే రోజున షికార్లేమిటే, నీకసలు సిగ్గుందా అంది. సిగ్గు ఉంటే ఇన్నాళ్ళు ఆశపడుతూ కూర్చుంటానా అనుకుని, ఆమె గుడ్లు ఉడకబెట్టి, బ్రెడ్డు సర్ది, అతనికిష్టమైన నీలం చీర కట్టుకుని బయల్దేరింది.

అడవి ఊరికి దగ్గరే. తారురోడ్డు వదిలి మట్టిదారిలో కాస్త లోపలికి పోతే వాగు వస్తుంది. కారు వాగు ఒడ్డున పెట్టి కుక్కల్ని వదిలేశారు. దొర ఎండుటాకుల మీద తనకో చోటు చూసుకుంది. పిడుగు మాత్రం చెట్టు చెట్టునీ పలకరించి, తనకంటే పొడుగాటి కొమ్మ నోట కరుచుకుని, రెండు చెట్ల మధ్య ఇరుక్కుని, ఎందుకు ముందుకి పోలేకపోతోందో అర్థంకాక వీళ్ళ వైపు చూసింది. ఇద్దరూ ఒకేసారి నవ్వారు. కలిసి నవ్వి ఎన్నాళ్ళయిందో. ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగితే, వాగులో మొహం కడుక్కునే వంకతో కడిగేసుకుంది.

తర్వాత ఒక బండ మీద కూర్చుంది. పిడుగు వచ్చి ఆమె కాళ్ళ దగ్గర చుట్టచుట్టుకుంది. అతను ఎదురుగా చెట్టుకి ఆనుకుని నిలబడ్డాడు. చూపు ఆమె మొహం మీద పడుతుంది, అంతలోనే కిందికి, ఆమె పాదాల దగ్గరికి జారిపోతుంది. ఆ జారిపోవడం చూసి, మొహం చెల్లడం లేదు కాబోలు పాపం అనుకుంది.

కాసేపటికి అతను గొంతు సవరించుకున్నాడు.

"నిన్నొకటి అడగాలి."

"అడుగు."

అతను వాగు వైపు చూశాడు. తర్వాత అడుగుతాలే అని, రేడియేటర్లో నీళ్ళు చూసొస్తానని కారు దగ్గరికి వెళ్ళాడు. వెళ్ళి బానెట్ ఎత్తడం, దించడం ఆమె చూసింది. అడగాలి అన్నాడు, చెప్పాలి అనలేదు. విడిపోతున్న పెళ్ళాన్ని మొగుడు ఏమని అడుగుతాడు? ఇన్నేళ్ళ సంసారం తర్వాత, కొత్త పెళ్ళికూతురిలా చీరకొంగు వేళ్ళకి చుట్టుకుంటూ కూర్చుంది.

వెళ్దామా అని లేచారు. కుక్కలు వెనక సీటులోకి ఎక్కాయి. అతను తాళం తిప్పాడు. స్టార్టరు తిరుగుతోంది గానీ ఇంజను అందుకోవడం లేదు. మళ్ళీ తిప్పాడు. అంతే. ఎలక్ట్రీషియన్ కారు దారిలో ఆగిపోవడమంటే నాలుగు ఊళ్ళు నవ్వుకునే సంగతి. అతను మాత్రం విసుక్కోలేదు. దిగి, నిదానంగా బానెట్ ఎత్తాడు.

ఆమె సీటులోనే ఉండిపోయింది. ఏదో తక్కువైనట్టు అనిపించింది. ఏమిటో వెంటనే తట్టలేదు. తర్వాత తట్టింది. తాళం తిప్పగానే వెనక సీటు కింద నుంచి సన్నగా జుయ్యిమని ఒక చప్పుడు వస్తుంది. ట్యాంకులోంచి పెట్రోలు పంపే పంపు చప్పుడు అది. షెడ్డులో బండి స్టార్ట్ అవకపోతే అతను ముందు అందర్నీ నోరుమూసుకోమని, చెవి రిక్కించి ఆ చప్పుడు వినేవాడు. అది రాకపోతే బానెట్ కింద ఓ పక్కనున్న నల్లపెట్టె మూత తీసి, ఆ పంపుకి కరెంటు వదిలే రిలేని చూసేవాడు. రిలే అంటే సగం అగ్గిపెట్టెంత ఉండే నల్లటి ముక్క. ఈసారి ఆ చప్పుడు రాలేదు.

వచ్చి అతని పక్కన నిలబడింది. అతను బ్యాటరీ తీగలు కదిపి చూశాడు. ప్లగ్గులు చూశాడు. ఎన్నడూ చూడని చోట్లు కూడా చూశాడు. ఆ నల్లపెట్టె జోలికి మాత్రం పోలేదు. ఫోన్ సిగ్నల్ ఎక్కడైనా దొరుకుతుందేమో చూస్తానని దారి వెంట నడిచి వెళ్ళాడు. అతను మలుపు తిరిగేదాకా ఆగి ఆమె ఆ పెట్టె మూత తీసింది. వరుసగా అమర్చి ఉన్న ముక్కల మధ్య ఒక గడి ఖాళీగా ఉంది.

మూతకి కొక్కేలున్నాయి. అవి బిగించి ఉండగా రిలే దానంతటది జారిపడదు. ఎలకలు కొరుక్కుపోవు. వేళ్ళతో పట్టుకుని గట్టిగా లాగితే తప్ప రాదు. వాగు ఒడ్డున అతను బానెట్ ఎత్తింది రేడియేటర్ కోసం కాదన్నమాట.

ఆమె మూత పెట్టేసింది. కొక్కేలు బిగించింది. కారుకి ఆనుకుని నిలబడింది. అతను తిరిగి వస్తుంటే చొక్కా జేబులో చిన్న ముక్క ఎత్తుగా కనిపించింది. ఆ క్షణంలో ఆమెకి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఎంత పిచ్చిమారాజు. నోరు విప్పి వెళ్ళకు అనలేక కారునే ఆపేశాడు. ఏ మొగుడైనా ఇలాంటి పని చేస్తాడా? తన మొగుడే చేస్తాడు. అతని వేళ్ళకి వచ్చిన మాటలు నోటికి ఎప్పుడు వచ్చాయి గనక.

నిజం తనకి తెలుసని చెప్పేయవచ్చు. చెప్పలేదు. మాట అతని నోటి నుంచే రావాలని పట్టుబట్టింది. ఇంకెన్నిసార్లు తనే ముందు మాట్లాడాలి? అందుకని ఏమీ ఎరగనట్టు, ఏమంటావు, ఏమైందంటావు అంది. ఇంజను వేడెక్కి ఉంటుంది, కాసేపు చల్లబడితే అదే స్టార్ట్ అవుతుంది అన్నాడు. షెడ్డులో ఏ డ్రైవరైనా ఆ మాటంటే అతను నవ్వి పంపించేవాడు. ఆమె నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కోవాల్సి వచ్చింది.

చెట్టు కింద దుప్పటి పరిచి బ్రెడ్డు, గుడ్లు తిన్నారు. అతను తన గుడ్డులో పచ్చసొన తీసి పిడుగుకి పెట్టాడు. దొర ఆవులించి అటు తిరిగి పడుకుంది. మనిషి ఇంత నెమ్మదిగా, ఇంత మెత్తగా ఉండి ఎన్నాళ్ళయిందో. నీళ్ళసీసా అందుకుంటూ, "ఇటివ్వు మేస్త్రీ" అన్నాడు. అనేసి, ఏమన్నాడో తనకే తెలియనట్టు తాగేశాడు. ఆమెకి తెలిసింది. తెలిసి, ఒక్క నిమిషం ఆ చెట్లేవీ కనిపించలేదు.

మోటారు సైకిలు మీద ఫారెస్టు గార్డు వచ్చి ఆగాడు. బండి ఆగిపోయిందా, తన దగ్గర తాడుంది, జీపు పిలిపించి రోడ్డుదాకా లాగిస్తానన్నాడు. మంచిమనిషి. ఆమెకి ఆ మంచితనం మీద ఒళ్ళు మండింది.

"వద్దులెండి. మా ఆయన కార్ల ఎలక్ట్రీషియనే" అంది.

మా ఆయన. అనేశాక అతని వైపు చూసింది. అతను కాదనలేదు. అవునండీ, మేం చూసుకుంటాం అన్నాడు కూడా. గార్డు ఇద్దర్నీ ఎగాదిగా చూసి, పొద్దు వాలకముందే బయటపడండి, దారి బాగుండదు అని చెప్పి వెళ్ళిపోయాడు. ఎలక్ట్రీషియన్ అయ్యుండి చెట్టు కింద గుడ్లు తింటున్నాడేమిటా అని దారంతా ఆలోచించుకునే ఉంటాడు.

అప్పుడే ఆమె ఫోన్ మోగింది, సిగ్నల్ లేదన్నది కూడా వంకేనన్నమాట. సామాన్ల వ్యాను డ్రైవరు. బయల్దేరమంటారా అని అడుగుతున్నాడు. ఆమె లేచి కాస్త పక్కకి వెళ్ళింది. ఇప్పుడే వద్దండీ, నేను మళ్ళీ చెప్పేదాకా కదలకండి, అసలు రావాలో అక్కర్లేదో కూడా కాసేపట్లో చెప్తాను అంది. ఆ మాట అన్నాక ఒళ్ళంతా తేలికైంది. మంచం ఏ గదిలోకి తిరిగి చేర్చాలో, ఫోటోలు మళ్ళీ ఏ గోడకి తగిలించాలో లెక్కలు వేసుకుంటూ వెనక్కి వచ్చింది. అక్కకి ఏం చెప్పాలో కూడా అనుకుంది. అక్క తిడుతుంది. తిట్టనీ.

ఎండ పచ్చబడింది. చెట్ల నీడలు దారికి అడ్డంగా సాగాయి. అతను ఇంకా ఏమీ అడగలేదు. కారు చుట్టూ తిరుగుతున్నాడు, దూరంగా వెళ్తున్నాడు, వస్తున్నాడు. ఇంక తొందరపెడితే తప్ప నోరు పెగలదనుకుని, దుప్పటి దులిపి మడత పెడుతూ, ఇంక సర్దేస్తాను, చీకటి పడుతుంది అని కాస్త గట్టిగా చెప్పింది. దుప్పటి, గిన్నె పట్టుకుని వచ్చి కారు తలుపు తీసి, లోపలికి వంగి సీటు మీద పెడుతోంది. కారుకి అవతలి పక్క నుంచి అతని గొంతు వినిపించింది. వణుకుతోంది. అన్నేళ్ళలో ఆ గొంతు అలా వణకడం ఆమె ఒక్కసారి కూడా వినలేదు.

"ఉండు. నా దగ్గరే ఉండు. నువ్వు లేకపోతే ఆ ఇంట్లో నేను ఎలా ఉండను?"

వంగినది వంగినట్టే ఆగిపోయింది. ఎదురుచూసిన మాట నిజంగా వస్తే ఎలా ఉంటుందో ఎన్నోసార్లు ఊహించుకుంది. ఊహించుకున్నదానికంటే బాగుంది. బింకంగా జవాబు చెప్పాలని, కాసేపు బతిమాలించుకోవాలని ఇన్నాళ్ళూ అనుకున్నవన్నీ ఎగిరిపోయాయి.

"ఉంటాను" అంది.

ఎంత తొందరగా అందంటే, ఆ మాట పూర్తవకముందే కారు చుట్టూ తిరిగి అతని దగ్గరికి పరుగులాంటి నడకతో వచ్చేసింది కూడా. అతను మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. రెండు చేతుల మధ్య పిడుగు మొహం ఉంది. చెంపల మీద తడి ఉంది. తలెత్తి ఆమె వైపు చూశాడు. ఏమిటి ఉంటానంటోంది అన్నట్టు ముందు అయోమయంగా చూశాడు. తర్వాత అర్థమైంది. అర్థమవడం ఆమెకి కనిపించింది. అతని మొహం పాలిపోయింది.

"నేను... దీంతో" అన్నాడు.

భూమి నిలువునా చీలితే బాగుండునని మనుషులు అంటుంటారు. ఆమె కూడా అదే కోరుకుంది. అది చీలలేదు. పిడుగు తోక ఊపుతూ ఇద్దర్నీ చూసింది. అప్పటికే వెనక సీటెక్కేసిన దొర మూలిగింది.

అతను లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. జేబులోంచి రిలే తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. తప్పు చేసి దొరికినవాడిలా దాన్నే చూస్తూ మాట్లాడాడు. పొద్దుటి నుంచీ అడగాలని చూస్తున్నాడట. నోరు రాలేదట. ఇంటికి వెళ్ళిపోతే వ్యాను వచ్చేస్తుంది, ఇంక అడిగే వేళ ఉండదని కారు ఆపేశాడట. పిడుగుతో ఇంకాసేపు ఉన్నట్టూ ఉంటుందని.

"దీన్ని కూడా నా దగ్గర వదిలేస్తావా? ఇచ్చేశాక మళ్ళీ అడగడం న్యాయం కాదని తెలుసు. కానీ ఉండలేననిపిస్తోంది."

ఉండలేననిపిస్తోంది. ఆ గొంతుకి అలాంటి మాటలు వచ్చునన్నమాట. ఆ మనిషికి ఏడవడం వచ్చు, బతిమాలడం వచ్చు, ఒకరిని వదులుకోలేక అడవిలో కారు ఆపడం కూడా వచ్చు. ఏమీ లేదు అన్నాడు కదా ఆవేళ, అన్నం ముందు. అతనిలో లేకేం, అన్నీ ఉన్నాయి. ఆమె కోసం లేవు, అంతే.

"ఇవ్వను" అంది.

"మేస్త్రీ..."

"అలా పిలవకు నన్ను. రిలే నీ జేబులో ఉందని నాకు మధ్యాహ్నమే తెలుసు."

"తెలిసి ఎందుకు ఊరుకున్నావు?"

ఇందాక ఆమె ఉంటాను అన్న మాటలోనే జవాబంతా ఉంది, విన్నాడు కూడా. ఇంకా అడుగుతున్నాడంటే, ఏమనాలి ఆ మనిషిని? వెళ్ళి ముందు సీటులో కూర్చుని తలుపు వేసుకుంది. ఫోన్ తీసి వ్యాను డ్రైవరుకి, ఇంక బయల్దేరండి, మేం దారిలో ఉన్నాం అని చెప్పింది. గొంతు మామూలుగానే వచ్చింది. ల్యాబులో డాక్టర్లతో మాట్లాడే గొంతు.

అతను రిలే పెట్టి బానెట్ దించాడు. తాళం తిప్పగానే వెనక జుయ్యిమన్న చప్పుడు వచ్చింది, ఇంజను మొదటిసారికే అందుకుంది. ఇంటిదాకా గతుకుల దగ్గరల్లా అతను బ్రేకు నెమ్మదిగా వేశాడు, వెనక కుక్కలు పడిపోకుండా.

వ్యాను వచ్చేసరికి వీధిలో దీపాలు ఇంకా వెలగలేదు. సామాన్లు ఎక్కించడానికి ఇద్దరు మనుషులు వచ్చారు. అతను కూడా ఒక చేయి వేశాడు. బీరువా గుమ్మానికి తగలకుండా పక్కకి తిప్పించాడు. కుట్టుమిషనుకి గుడ్డ చుట్టి తాడు కట్టాడు. ఆమెకి చెందినది ఒక్క చెంచా కూడా ఇంట్లో ఉండిపోకుండా వంటగది అరలన్నీ మళ్ళీ ఒకసారి చూసొచ్చాడు. ఇంత మంచివాడు కాకపోతే ఈ రోజు ఇంత కష్టంగా ఉండేది కాదేమో అనుకుంది ఆమె. గుమ్మంలో నిలబడి ఎవరివో సామాన్లు చూస్తున్నట్టు చూసింది.

చివరికి పిడుగు. ఆమె వ్యానులో డ్రైవరు పక్కన ఎక్కి కూర్చుని పిలిచింది. పిడుగు రాలేదు. దొర పక్కన నిలబడి చెవులు వెనక్కి పెట్టుకుని చూసింది. ఆమె మళ్ళీ పిలిచింది. అది ఒక్క అడుగు వేసి ఆగిపోయింది. రాకపోతే బాగుండునని అతని మొహంలో ఉంది. ఉన్నా, మాట తప్పే మనిషి కాడు. వంగి పిడుగుని రెండు చేతులా ఎత్తాడు. ఎత్తినవాడు ఒక్క క్షణం దాని మెడలో మొహం దాచుకుని, తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. అతని చేతులు ఆమె చేతులకి తగిలాయి. ఇద్దరూ తగలనట్టే ఊరుకున్నారు.

ఇప్పుడైనా ఇచ్చేయవచ్చు. ఆ ఆలోచన ఆమెకి రాలేదని కాదు. అక్కాతమ్ముళ్ళని విడదీస్తున్నానని తెలుసు, తను పెంచలేక కాదు, కోపంతో పట్టుకుపోతున్నానని కూడా తెలుసు. కానీ ఆ ఇంటి నుంచి ఒట్టి చేతులతో దిగిపోవడం ఆమె వల్ల కాలేదు. అతను దేనికోసం ఏడుస్తాడో అది ఒక్కటైనా తన దగ్గర ఉండాలనిపించింది. మనిషి గుండె పగిలినప్పుడు మంచితనం కూడా పగులుతుంది కాబోలు. తలుపు వేసేసింది.

వీధి చివరికి వచ్చేదాకా పిడుగు కిటికీకి మొహం ఆనించి కూర్చుంది. మలుపు తిరగగానే మొదలుపెట్టింది. మొరగడం కాదు, గొంతులోంచి సన్నగా, సాగదీసి, ఊపిరి అందినంతసేపూ ఏడుపు. ఊరు దాటినా ఆపలేదు. ఆమె దాని వీపు నిమురుతూ అద్దంలోంచి ముందుకి చూస్తూ కూర్చుంది. కళ్ళు పొడిగా ఉన్నాయి, మంటపుడుతున్నాయి.

డ్రైవరు పెద్దవయసు మనిషి. చాలాసేపు ఓర్చుకుని ఇంక ఉండబట్టలేక, ఎందుకమ్మా అంతలా ఏడుస్తోంది అని అడిగాడు.

"ఇంట్లో ఆయనంటే దీనికి ప్రాణం అండీ" అంది ఆమె. "పొద్దున ఆయన అడవికి తీసుకెళ్తే, ఇంక ఎప్పుడూ ఇలాగే ఉంటుందనుకుంది. ఆయన పంపేస్తున్నాడని దీనికి తెలీలేదు. ఇప్పటికీ నమ్మకం కలగట్లేదు."

డ్రైవరు గేరు మార్చాడు. రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండానే, "పాపం" అన్నాడు.

ఆ మాట కుక్కనన్నదని ఆమెకి తెలుసు. తెలిసే తనూ తీసుకుంది.